రోసిమార్ రెండో హత్య

గాయని రోసిమార్ నిరుడు జ్వరంతో పోయింది. ఇవాళ ఆమెను మళ్లీ చంపబోతున్నారు.

"టార్గెట్?" అడిగాడు సీక్రెట్ ఏజెంట్ వల్దెసీర్.

"ఆమె ఆఖరి పాట," అన్నాడు చీఫ్. "విదేశీ ముఠా. పైకి డెల్మార్ కంపెనీ. ఆ పాట తమదే, తమ దేశంలో ఎప్పుడో రికార్డు చేశామంటోంది. కాపీరైట్ రిజిస్ట్రార్ అవునని బటన్ నొక్కాడంటే నెట్‌లో పాట మాయం. మన బెలెం ఊళ్లో వెరుపేజు బజారు డిస్కులన్నీ రోడ్డు రోలర్ కిందికి. ఆపు."

బెలెంలో మధ్యాహ్నపు వాన మొదలైంది. పాట ఎవరిదో తేల్చే విచారణ జరిగే హోటల్ మెట్ల మీద మైకు మెకానిక్ వేషంలో నిలబడ్డాడు వల్దెసీర్. కంపెనీ మేనేజరు జొసియానె ఆకుపచ్చ సిల్కు గౌనులో దిగివచ్చింది. ఆమె రెండు పక్షాల జీతమూ తింటుంది.

"వానకు ముందా, తరవాతా?" కోడ్ వర్డ్ అడిగాడు.

"వానలోనే. ఆ మీసమేంటయ్యా, చీపురు పుల్లలు అతికించుకున్నావా?" కంపెనీ ఒరిజినల్ డిస్కు అతని చేతిలో పెట్టింది. "పాట మధ్యలో ఆ కేకలేంటని మా ఓనర్లు అడిగారు. పల్లవే అన్నాను. వాళ్లకి మన భాషొస్తే కదా!"

లోపల ముద్దాయి ఒక్కతే. రోసిమార్ తల్లి ఇరాసీ. బజారులో డిస్కుల బండి ఆమెది.

"ఇంట్లో వినడానికి ఒక కాపీ తీసుకుంటే పోనీలే అంటాం," అన్నాడు కంపెనీ లాయరు. ఆ పాట అతను ఒక్కసారీ వినలేదు. బజారు పాటలు అతని స్థాయికి తగవు. "అమ్మితే మాత్రం దొంగతనమే."

"నా పిల్లే ఇచ్చింది బాబూ. కాపీలు తీసి అమ్ముకోండి, ఊరంతా వినాలంది. ఇక్కడ పాడేవాళ్లంతా అంతే కదా!"

"కాగితముందా?"

"కూతురు తల్లికి కాగితం రాసిస్తుందటయ్యా?"

లాయరు నవ్వాడు. రిజిస్ట్రార్ వేలు బటన్ మీదికి వెళ్లింది.

వల్దెసీర్ కంపెనీ డిస్కే పెట్టి స్పీకర్లు ఆన్ చేశాడు.

డప్పులు ఆగినచోట చచ్చిపోయిన మనిషి నవ్వింది.

"వెరుపేజు బజారులో మా అమ్మ ఇరాసీ బండికి నమస్కారం! అమ్మా, భోంచేశావా? కాపీలు బాగా తియ్యి, అందరికీ అందాలి!"

బెలెం పాటల్లో బండివాళ్లను పేరుపెట్టి పలకరించడం మామూలే. ఎక్కడో విదేశంలో పుట్టిన పాటకు ఇరాసీ బండి ఎలా తెలుస్తుంది? రిజిస్ట్రార్ వేలు వెనక్కి తీసుకున్నాడు.

"తిన్నానే," అంది ఇరాసీ, స్పీకరుతో.

ఆమె వైపు ఎవరూ చూడలేకపోయారు.

అనుమతి లేకుండా తమ డిస్కు నలుగురికీ వినిపించాడని కంపెనీ వల్దెసీర్ మీద కేసు పెట్టింది. సాక్ష్యంగా జతచేసిన పాటను కోర్టు గుమాస్తాలంతా ఫోన్లలోకి ఎక్కించుకున్నారు. ఒకడైతే రింగ్‌టోన్ చేసుకున్నాడు. కంపెనీ లాయరు ఫోన్ చేసినప్పుడల్లా అదే మోగుతోంది.