ఆవిడ ముద్ద

ఇల్లు మారిన కొత్తలో మా ఇంట్లో అందరికీ అందరి మీదా కోపమే. సగం విప్పినవీ అసలు విప్పనివీ, ఎక్కడ చూసినా అట్టపెట్టెలు. గరిటె దొరికితే గిన్నె దొరకదు, గిన్నె దొరికితే అగ్గిపెట్టె దొరకదు. వంటింటి కుళాయి ఎంత బిగించినా కారుతూనే ఉంటుంది. బాగుచేసే అతను ఫోన్లో "ఇదిగో, దారిలో ఉన్నానమ్మా" అంటాడు. ఏ దారో మరి, మా ఇంటికైతే రాదు.

మా అమ్మాయి ఆసుపత్రి ల్యాబులో రక్తపరీక్షలు చేస్తుంది. అల్లుడు ఒక గోడౌన్‌కి మేనేజరు. అతని బదిలీ వల్లే ఈ ఊరు వచ్చాం.

"బదిలీ మీకైంది, శిక్ష నాకు పడింది," అంటుంది అమ్మాయి.

"నేనేమన్నా దరఖాస్తు పెట్టుకుని తెచ్చుకున్నానా?" అంటాడు అల్లుడు.

ఇద్దరూ ఆగి నా వైపు చూస్తారు, తీర్పు చెప్పమన్నట్టు. నాకు గొంతు పెంచడం చేతకాదు. లేచి వెళ్లి దేవుడికి దణ్ణం పెట్టుకుంటాను. పటం ఏ పెట్టెలో ఉందో తెలిసేదాకా వట్టి గోడకే దణ్ణం పెట్టాను. వింటాడులే అనుకున్నాను.

ఈ కోపాలన్నీ చివరికి తేలేది పిచ్చుక అన్నం దగ్గర. పిచ్చుక నా మనవరాలు, మూడేళ్లది. గింజలు ఏరుకున్నట్టు తింటుందని నేనే ఆ పేరు పెట్టాను. పాత ఇంట్లో ఆ గింజలైనా తినేది. ఇక్కడికొచ్చాక నోరే తెరవడం మానేసింది.

పిల్లలకి అన్నం పెట్టడంలో మాకొక పద్ధతి ఉంది. మా అమ్మ నాకు అలాగే పెట్టింది, నేను మా అమ్మాయికి అలాగే పెట్టాను. అన్నం మెత్తగా కలిపి, చిన్న చిన్న ముద్దలు చేసి కంచం చుట్టూ పేర్చాలి. ఒక్కో ముద్దా ఇంట్లో ఒక్కొక్కరిది. ఇది అమ్మ ముద్ద, ఇది నాన్న ముద్ద, ఇది అమ్మమ్మ ముద్ద, ఆఖరిది పిచ్చుక ముద్ద. ముద్దతోపాటు ఆ మనిషి కబురొకటి చెప్పాలి. అమ్మ నీ అంతప్పుడు సబ్బు బిళ్ల కొరికిందనో, నాన్న పెళ్లిచూపులకి రెండు కాళ్లకీ వేరువేరు చెప్పులేసుకొచ్చాడనో. పిల్లకి కడుపూ నిండుతుంది, ఇంట్లోవాళ్లెవరూ మరుగున పడరు.

నాన్న ముద్దకీ నా ముద్దకీ మధ్య ఇంకొకరి ముద్ద ఉండేదనుకుంటాను. ఆ సంగతికి తర్వాత వస్తాను.

కొత్త ఇంట్లో వంటింటిని ఆనుకుని ఒక సామాన్ల గది ఉంది. దానికి కిటికీ లేదు. విప్పని పెట్టెలన్నీ అందులోకి తోశాం. తలుపు పూర్తిగా పడదు. ఎంత నెట్టినా చెయ్యి దూరేంత సందు మిగులుతుంది. ఆ సందులోంచి ఒక వాసన వచ్చేది. ఎవరో తిని, కడగకుండా వదిలేసిన కంచం వాసన. ఫినాయిలు పోసి కడిగాను. తడి ఆరేసరికి మళ్లీ అదే.

ఒక సాయంత్రం పిచ్చుక కంచంకేసి చూసి అడిగింది. "అమ్మమ్మా, ఆవిడ ముద్దేది?"

"ఏ ఆవిడే?"

గడ్డంతో సామాన్ల గది వైపు చూపించింది. "ఆవిడే. చాలా ఆకలేస్తోందంట."

అవతల గదిలోంచి అమ్మాయి కేకేసింది. "అమ్మా, ఏదో ఒకటి చెప్పి పెట్టెయ్, నాకు డ్యూటీ టైమవుతోంది! ఈ పిల్ల ఎముకలు లెక్కపెట్టొచ్చు, ఆసుపత్రిలో నన్నే అడుగుతున్నారు పిల్లకి తిండి పెట్టవా అని!"

"సరే, ఇదిగో ఆవిడ ముద్ద," అని పిల్ల నోటికి అందించాను.

తల తిప్పేసుకుంది. "నాక్కాదు. ఆవిడకే పెట్టు."

నాకూ విసుగొచ్చింది. మనిషినే కదా. ఆ ముద్ద తీసుకెళ్లి సామాన్ల గది గడప మీద పెట్టి, "తిను తల్లీ, నువ్వైనా తిను," అన్నాను. అన్నం పెట్టేటప్పుడు ఎవరితోనైనా నేననే మాటే అది.

పిచ్చుక ఆ రోజు కంచం ఖాళీ చేసింది.

పొద్దున చూస్తే గడప మీద ముద్ద లేదు. ఎలుకేమో అనుకున్నాను. కానీ ఎలుక మెతుకులు చిందిస్తుంది. ఇక్కడ వేలితో తుడుచుకుని నాకినట్టు ఉంది. పెళ్లయిన దగ్గర్నుంచీ రోజూ దేవుడి ముందు అన్నం పెడుతున్నాను, ఏనాడూ ఒక్క మెతుకు తగ్గలేదు. తగ్గలేదని బాధపడినదాన్ని, ఈ గడప ముందు నిలబడి... తగ్గినందుకు వణికాను.

అయినా నోరు మూసుకున్నాను. పిల్ల బుగ్గలు నిండుతున్నాయి. అమ్మాయీ అల్లుడూ దెబ్బలాటలు తగ్గించారు. "ఏం మంత్రం వేశారత్తయ్యా?" అని అల్లుడు నవ్వాడు. రోజూ ఒక ముద్ద ఎక్కువ చేసి గడప మీద పెడుతూ వచ్చాను.

అలా ఉండగా ఒకనాడు పిచ్చుక మళ్లీ మూతి బిగించింది.

"ఉత్త ముద్ద వద్దంట. మన ముద్దల్లోది కావాలంట."

ఇవ్వనన్నాను. ఆ పూట తినలేదు, మర్నాడూ తినలేదు. గ్లూకోజు నీళ్లు పోస్తే కక్కేసింది. అమ్మాయి నా మీద అరిచింది, తర్వాత నా ఒళ్లో తలపెట్టి ఏడ్చింది. మూడోనాడు ఇచ్చేశాను. ఎవరి ముద్ద ఇచ్చానో ఇప్పుడు చెప్పలేను. ఇస్తూ ఏడ్చానని గుర్తుంది. 'ఆయన ఏమీ అనుకోరులే' అని నాకు నేనే సర్దిచెప్పుకున్నానని గుర్తుంది. ఆ ఆయనెవరో మాత్రం...

మర్నాడు అమ్మాయి గోడ మీది ఫోటో చూసి, "ఎవరమ్మా ఈ కళ్లజోడాయన? ఇదివరకు అద్దెకున్నవాళ్లు వదిలేసిపోయారా?" అంది.

నేనూ చూశాను. పెద్ద ముఖం, మెత్తటి చూపు. ఎవరో తెలియలేదు. రోజూ దణ్ణం పెట్టుకున్నాక నా చెయ్యి దానంతటదే దేవుడి అరలో ఉన్న రేకు కళ్లజోడు పెట్టె మీదికి వెళుతుంది. మూత తీసి, మళ్లీ వేస్తాను. టక్కుమంటుంది. అది ఎవరిదో, నా దగ్గర ఎందుకుందో తెలియలేదు. మూత వేస్తుంటే కళ్ల నీళ్లు మాత్రం వచ్చాయి.

పిచ్చుక నా చీర కుచ్చిళ్లు లాగింది. "తాతయ్య కదా అమ్మమ్మా. ఆవిడ తినేసింది."

"తాతయ్యంటే ఎవరే?" అన్నాను.

అని, నా మాటకి నేనే హడలిపోయాను.

ఇల్లు ఖాళీ చేద్దామన్నాను. "మళ్లీనా? నీకు దణ్ణం పెడతాను, నన్నొదిలెయ్ అమ్మా," అంది అమ్మాయి. ఏమని చెప్పను? మనింట్లో ఒక మనిషి తగ్గాడు, ఎవరో నాకూ తెలియదు అని చెప్పనా?

ఆ సాయంత్రం వాన పట్టుకుంది. దీపాలు పెట్టే వేళకే కరెంటు పోయింది. అల్లుడింకా ఇంటికి చేరలేదు. అమ్మాయి ముందు గదిలో అతనికి ఫోన్ చేస్తూ ఉంది. మోగుతోంది, ఎత్తడం లేదు. వంటింట్లో కొవ్వొత్తి వెలిగించి పిచ్చుకని పీట మీద కూర్చోబెట్టాను. కుళాయి బొట్లు బొట్లుగా కారుతోంది. సామాన్ల గదిలోంచి ఆ వాసన... ఎప్పటికంటే దగ్గరగా.

"ఇవాళ నాన్న ముద్ద కావాలంట," అంది పిచ్చుక గుసగుసగా.

"ఇవ్వను."

"అయితే అమ్మది."

"ఇవ్వను."

పిల్ల కింది పెదవి వణికింది. "అయితే నాదిచ్చెయ్యమంటోంది అమ్మమ్మా."

కుళాయి చప్పుడు ఆగిపోయింది. తలుపు సందు కొంచెం పెద్దదైంది. లోపల ఎవరో ఊపిరి బిగబట్టారు, వడ్డించేదాకా ఓపిక పట్టిన మనిషిలా.

నేను కంచంలోంచి ఒక ముద్ద తీశాను. లేచాను. గోడ పట్టుకుని నడిచాను. దేవుడి పేరు తలుచుకున్నాను. గడప మీద పెట్టలేదు. ముఖాముఖీ ఇచ్చి తేల్చుకుందామనుకున్నాను.

"ఇదిగో, అమ్మమ్మ ముద్ద. ఇదే ఆఖరు. ఇంక నా పిల్లల జోలికి రాకు."

సందులోకి చెయ్యి పెట్టాను.

చల్లగా ఉంటుందనుకున్నాను. పెదవులు వెచ్చగా ఉన్నాయి. మెల్లగా, మర్యాదగా, ఒక్క మెతుకు పోకుండా తిన్నాయి. తర్వాత ఎవరో చీర చెంగుతో నా వేళ్లు తుడిచారు... ఒక్కొక్క వేలూ... నేను పిచ్చుక మూతి తుడిచినట్టే.

కొవ్వొత్తి ఆరింది.

కరెంటు వచ్చింది.

నా చుట్టూ అట్టపెట్టెలు. నేను గది లోపల ఉన్నాను. సందులోంచి వంటిల్లు కనిపిస్తోంది. పీట మీద పిచ్చుక. ఎదురుగా నా చీర కట్టుకుని, నాకు వీపు చూపిస్తూ, ఒకావిడ.

"ఇది అమ్మ ముద్ద. ఇది నాన్న ముద్ద." నా గొంతే.

అమ్మాయి పరుగున వచ్చింది. "ఆయన వీధి చివర ఉన్నారట! హమ్మయ్య... తింటోందా అమ్మా?"

"బంగారంలా తింటోందే."

"అమ్మాయ్," అని పిలిచాను. నా గొంతు ఎప్పుడూ చిన్నదే. మళ్లీ పిలిచాను. అమ్మాయి సందు వైపు తిరిగింది. నేరుగా నా కళ్లలోకి చూసింది. ముక్కుకి చెయ్యి అడ్డం పెట్టుకుంది.

"అబ్బ, మళ్లీ ఆ వాసన. ఈ తలుపొకటి, ఎప్పుడూ పడి చావదు," అని భుజంతో గట్టిగా నెట్టింది.

తలుపు పడింది.

అవతల నుంచి పిచ్చుక గొంతు సన్నగా వినిపించింది. "అమ్మమ్మా, ఆవిడ ముద్దేది?"

జవాబు కోసం చెక్కకి చెవి ఆనించాను. కంచం కడుగుతున్న చప్పుడొక్కటే వచ్చింది. నాకు ఆకలేసింది... ఇన్నేళ్లలో ఎప్పుడూ ఎరగనంత ఆకలి.

అప్పుడు చీకట్లో, నా వెనకాల, పెట్టెల మధ్య ఎవరో కదిలారు. చిన్న రేకు మూత ఒకటి తెరుచుకుంది.

టక్కుమని పడింది.