కిటికీలో సుగంధరాజ

ఆ పొద్దు మహదేవపుర మీద మబ్బు తడిసిన గోనెపట్ట మాదిరి కిందికి దిగి ఉంది. చినుకు మాత్రం రాల్చలేదు. మూడో అంతస్తు ఫ్లాటులో అందరికన్నా ముందు లేచిన రామాంజినప్ప, కిటికీ దగ్గరున్న కుండీని చూసి పెదవి విరిచాడు.

చందాపుర దగ్గర ఎకరా నేలలో నలభై ఏళ్లు సుగంధరాజ పూలు, అవే నేలసంపెంగలు, పండించిన మనిషి అతడు. ఆ నేలలో ఇప్పుడు ఇళ్లు లేచాయి. భార్య మారెమ్మతో కొడుకు వెంకటేశ్ ఇంటికి చేరాడు. ఆమె తుంటి విరిగి మంచం పట్టింది. ఆమె గది కిటికీలోనే కుండీ పెట్టి కోడలు సుందరి మూడు సుగంధరాజ గడ్డలు నాటింది. నాటిన రోజే అతడు నవ్వాడు.

"కంప్యూటరు తట్టే చేతులకి గడ్డకి తల ఏదో, కాలు ఏదో తెలుస్తుందా? ఇంట్లో పెడితే ఉల్లికాడ వస్తాది, పువ్వు రాదు."

నాలుగు నెలలకు కాడ లేచింది. కింది మొగ్గలు తెల్లబడి ఉబ్బాయి. అయినా అతడి నోరు మెత్తబడలేదు. "దీన్ని కాడంటారా! మా మడిలో అయితే పీకి గొడ్డుకేసుందును."

ఆ ఉదయం మాత్రం చేతులు ఊరుకోలేదు. ఉబ్బిన మొగ్గను చూస్తే కోయడమే వాటికి తెలుసు. విచ్చిన పువ్వును మార్కెట్టులో అడిగేవాడుండడు, మూసిన మొగ్గే సరుకు. పదకొండు మొగ్గలు గిల్లి తువ్వాల్లో వేసుకున్నాడు. పైన పచ్చిగా ఉన్న నాలుగింటిని వదిలేశాడు.

కాఫీ తెచ్చిన సుందరి బోసికాడను చూసి నిలబడిపోయింది.

"మామా, ఏం చేసినారు మీరు?"

"కోసినా. రేపటికి విచ్చి పనికిరాకుండా పోతాయి. నీకేం తెలుసు?"

"విచ్చాలనే కదా పెంచింది! పువ్వు విచ్చేది చూడాలని అత్త అడిగింది. లీవు కూడా పెట్టుకున్నా, ఈ సాయంత్రం మొదటి పువ్వు..."

"పువ్వు విచ్చేదానికి లీవా! బాగుండాది మీ సాఫ్ట్‌వేరు బతుకు."

"చాలించు నీ పెద్దరికం," అంది మంచం మీది నుంచి మారెమ్మ.

అతడు తిరిగి చూశాడు. ఆమె ఎన్నడూ ఆ గొంతుతో మాట్లాడలేదు.

"నలభై ఏండ్లు కోడి కూయకముందే లేచి కోసినా. ఒక్కనాడన్నా మనింట్లో ఒక పువ్వును విచ్చనిచ్చినావా? ఒక్క కాడ ఇంటికి పెట్టుకుందామంటే, పిచ్చిదానా అని నవ్వినావు. ఆ వాసన కోసం ఎవురి పెండ్లికో పోయి, వాళ్ల దండలో చూసుకుంటి. పూల గురించి తెలుసంట ఈయనకి! నీకు తెలిసింది గంప బరువే."

రామాంజినప్పకు తను నవ్వడం గుర్తుంది. ఆమె ఏమడిగిందో మాత్రం ఇప్పటిదాకా గుర్తు లేదు. తువ్వాల్లో మొగ్గలు చల్లగా, గట్టిగా తగిలాయి. తువ్వాలు మంచం మీద పెట్టాడు.

కుండీని రెండు చేతులా ఎత్తి ఆమె తలగడ పక్కన పెట్టాడు.

"పైన నాలుగుండాయి. వారం దినాలు పడుతుంది," అన్నాడు కోడలితో. "నన్ను ముట్టనీయొద్దమ్మా."

వెంకటేశ్ ఆఫీసుకు పోయాడు. మధ్యాహ్నం సుందరి మూడు కంచాలూ అత్త గదికే తెచ్చింది. రోజూ టీవీ ముందు తినే రామాంజినప్ప వచ్చి మంచం పక్కన నేల మీద కూర్చున్నాడు. మారెమ్మ తన సంగటిముద్దలో సగం విరిచి అతడి కంచంలో వేసింది.