రెండు పిలుపులు

“ఫణీ...”

ఫణి అడుగు ఆగిపోయింది.

పార్సిప్పనీలో ఫణి ఉండే అపార్ట్‌మెంట్ల వెనకున్న చెరువు మంచిది కాదని మనవాళ్లంతా చెప్పుకునేవారు. నవంబరు ఆఖర్లో, చీకటి పడే వేళకి, రెల్లు పొదల్లోంచి ఎవరో ‘డెన్నీ... డెన్నీ...’ అని పిలుస్తారట. విన్నవాళ్లు ఒకరిద్దరు కాదు. ఒకావిడైతే స్ట్రోలర్ అక్కడే వదిలేసి, పిల్లని చంకనేసుకుని పరిగెత్తిందట. అప్పట్నుంచీ బస్ దిగినవాళ్లు పది నిమిషాలు ఎక్కువైనా సరే, రోడ్డు మీదుగా చుట్టూ తిరిగే ఇంటికొస్తారు.

ఆ రోజు ఫణి చుట్టూ తిరగలేదు. బూరుగుకాయ పగిలి దూది రాలినట్టు మంచు రాలుతోంది. అంత అందాన్ని వదిలేసి కార్ల హెడ్‌లైట్ల వెంట నడవబుద్ధి కాలేదు. టైము ఆరున్నరే. అయినా అర్ధరాత్రంత చీకటి... తెల్లటి చీకటి.

కానీ ఇప్పుడు పిలిచింది డెన్నీని కాదు. తనని.

“ఫ... ణీ...”

రెండోసారి. సన్నగా, వణుకుతూ... రెల్లు అవతల బెంచీ వైపు నుంచి.

ఆ గొంతు తెలుసు. కింద ఫ్లాట్‌లో ఉండే లాయిడ్ తాతది.

తెలిసిన గొంతు కావడమే భయం. నాయనమ్మ ఎన్నిసార్లు చెప్పలేదు — చీకట్లో పేరు పెట్టి పిలిస్తే మూడోసారి దాకా పలకకూడదురా నాయనా, అది నీకు కావలసినవాళ్ల గొంతుతోనే పిలుస్తుంది, మూడోసారి పిలవడం మాత్రం దానికి చేతకాదు.

ఊపిరి బిగబట్టి నిలబడ్డాడు. మూడోది రావాలి. వస్తే పలుకుతాడు. వస్తే పరిగెత్తుకెళ్తాడు.

మంచు రాలుతూనే ఉంది...

మూడోది రాలేదు.

వెనక్కి తిరక్కుండా ఇంటికి పరుగు తీశాడు.

“ఏందిరా, డెన్నీగాడు లిఫ్ట్ అడిగిండా?” తలుపు తీస్తూ నవ్వాడు రూమ్మేట్ చక్రపాణి. “మొహం పెరుగన్నం లెక్కుంది.”

“ఏం లేదన్నా. చలి.”

“చలికి చెమట పట్టినోణ్ని నిన్నే చూస్తున్న.”

కిందికెళ్లి తాత తలుపు కొట్టి చూస్తే తేలిపోయేది. ఒక్క అంతస్తు మెట్లు. వెళ్లలేదు. కొట్టినా ఎవరూ తియ్యకపోతే...? అప్పుడిక చెరువు దగ్గరికి వెళ్లక తప్పదు.

పొద్దున మంచు తీసేవాళ్లకి బెంచీ మీద కనిపించాడు లాయిడ్ తాత. కూర్చున్నవాడు కూర్చున్నట్టే. కనుబొమల మీద మంచు.

మూడో రోజు కూతురు మార్తా వచ్చింది, ఒహాయో నుంచి, ఫ్లాట్ ఖాళీ చెయ్యడానికి. ఫణి పెట్టెలు మోసిపెట్టాడు. తాత కారు మీద మంచు గీకిపెట్టేది అతనే. అలా గీకిన పొద్దుల్లో కాఫీ ఇచ్చి, తాత యుద్ధం కబుర్లు చెప్పేవాడు... పంతొమ్మిది వందల యాభై. కొరియాలో చోసిన్ సరస్సు. చుట్టూ కొండలు, కొండల నిండా చైనా సైన్యం. మైనస్ ముప్పై. నేల గునపానికి లొంగేది కాదు. నొప్పి మందు గొట్టాలు గడ్డకట్టకుండా నోట్లో పెట్టుకు తిరిగేవాళ్లు. రాత్రయితే కొండ మీంచి శత్రువుల బూరలు... అక్కడిదాకా చెప్పి కాఫీలోకి చూస్తూ ఊరుకునేవాడు.

“మిగతాది నాకొక్కదానికే చెప్పాడు,” అంది మార్తా. “డెన్నీ అని నాన్న ఫ్రెండు. దెబ్బ తగిలి మంచులో పడిపోయి, నాన్నని పేరు పెట్టి పిలిచాడు. శత్రువులు మన పేర్లు నేర్చుకుని పిలుస్తారు, ఎవరూ పలకొద్దని ఆర్డరు. నాన్న పలకలేదు. తెల్లారి చూస్తే ఇరవై గజాల్లో ఉన్నాడు డెన్నీ... కొయ్యబారిపోయి. అందుకే ఏటా ఈ రోజుల్లో చెరువు దగ్గరికెళ్లి వాణ్ని పిలిచొచ్చేవాడు. నేను వద్దంటే వినేవాడు కాదు.”

ఫణి చేతిలో పెట్టె కిందికి జారింది. మళ్లీ పట్టుకున్నాడు.

“ఆ సాయంత్రం నాలుగింటికే ఒక్కసారిగా గుండె ఆగి ఉంటుందన్నాడు డాక్టరు. ఈ చలిలో కచ్చితంగా చెప్పలేననీ అన్నాడు. కానీ నేను నాలుగనే నమ్ముతున్నాను.” కళ్లు తుడుచుకుంది. “అదొక్కటే నాకు ఊరట. నాన్న ఎవర్నీ పిలిచి ఎదురుచూడలేదు. డెన్నీలా పోలేదు.”

నాలుగు...

నాలుగే నిజమైతే, ఆరున్నరకి పిలిచింది మనిషి కాదు. నాయనమ్మ మాటే గెలిచింది, తను బతికి బయటపడ్డాడు. నాలుగు కాకపోతే...

ఊరుకుంటే చాలు. ఈవిడ ఆ ఊరటతోనే ఒహాయో వెళ్లిపోతుంది. తను కూడా ఆ నాలుగుని తలకింద పెట్టుకుని నిద్రపోవచ్చు.

మార్తా పెట్టెకి టేపు అంటిస్తూ అంది — “మీ గురించి ఫోన్‌లో చెప్పేవాడు. పైన ఒక కుర్రాడున్నాడు, ఒక్క పిలుపుకి వచ్చేస్తాడు, నా గురించి బెంగ పెట్టుకోకు అని.”

ఫణి పెట్టె కింద పెట్టాడు.

“ఆరున్నరకి పిలిచారు,” అన్నాడు.

“ఎవరు?”

“తాత. రెండుసార్లు. గొంతు గుర్తుపట్టాను కూడా...” తలెత్తి ఆమె వైపు చూశాడు.

“నేను పలకలేదు.”