రాజు దిబ్బలో దొంగ కపాలం

అసుర సంధ్య! కారుమేఘాలు గోర్యాంగ్ కొండను మింగేశాయి... కొండ మీద రాజసమాధుల పచ్చిక దిబ్బలపై పిడుగులు ఫెళఫెళమన్నాయి. పైన్ చెట్టు మీద గుడ్లగూబ వికృతంగా అరిచింది...

కొండ కింద పన్నే ఇంట్లో ఆమె కోడలు సోబున్ దబ్బున కూలింది! కనుగుడ్లు తిరగబడ్డాయి. ఆ లేత గొంతులోంచి ఓ ముసలి మగగొంతు... భీకరంగా!

"నడుం విరుగుతోందిరా మాన్సూ! ఇంకెన్నాళ్లు నీళ్లు మొయ్యాలి? నన్ను బయటికి తియ్యరా!"

పన్నేకి ఒళ్లు మండిపోయింది. మాన్సూ! ఆ క్షుద్ర మాంత్రికుడా! ఇది చచ్చిన వాడి తండ్రి గొంతే! రాజు పక్కన తండ్రి ఎముకలు దొంగచాటుగా పాతితే తమకు రాజయోగం పడుతుందని ఆశపడే దుర్మార్గులకు ఈ నేల మీద ఏనాడూ కరువు లేదు. వీడు ఏకంగా తండ్రి కపాలాన్నే రాజుగారి పెద్ద దిబ్బలో పాతాడన్నమాట! అక్కడ పచ్చిక పెళ్లగించి ఉందని పన్నే పురావస్తు ఆఫీసుకు ఎన్ని ఫోన్లు చేసిందో! "రక్షిత స్థలం బామ్మగారూ. నిపుణులు చూడాలి. మీరు పార ఎత్తితే జైలే" అన్నారు.

"నా పెరట్లో కిమ్చీ పచ్చడి జాడీ పాతుకోనివ్వలేదు సచ్చినోళ్లు! వాడు పుర్రె పాతితే మాత్రం నిపుణులు రావాలట!"

అంతలో సోబున్ లేచి వానలో కొండ మీదికి పరుగెత్తింది! పన్నే పార పట్టుకుని వెంటపడింది.

దిబ్బ మీద మాన్సూ! చేతిలో మంత్రఘంట... కళ్లల్లో నిప్పులు...

"వచ్చావా ముసలిదానా? మా నాన్న రాజు పక్కన దర్జాగా కూర్చోవాలి. ఆయన బదులు నీళ్లు మొయ్యడానికి నీ కోడలి ప్రాణం పంపుతున్నా!"

ఘంట మోగింది... సోబున్ పాదాలు మట్టిలో దిగాయి! మళ్లీ మోగింది... మోకాళ్లదాకా! పన్నే లాగింది, తవ్వింది, ఏడ్చింది. లాభం లేకపోయింది. చివరికి ఆ దిబ్బనే పారతో బాదింది.

"ఏమయ్యా మహారాజా! ఏటేటా నీ గడ్డి కోశాం! నీ కోసం ఓ గుంటైనా తవ్వుకోకుండా చచ్చాం! నీ ఇంట్లో దొంగ దూరితే నీకూ పై నుంచి ఆర్డర్లు రావాలా?!"

భూమి గర్జించింది!

"ఎవడ్రా... నా పక్కన కూర్చునేది?"

మాన్సూ వెనక్కి జరిగాడు. ఆ సమాధిలోకి రాజు ఒంటరిగా పోలేదు. ఊడిగానికి బతికున్న మనుషుల్ని వెంట పాతారు. ఆయన తర్వాత లోపలికి వెళ్లినవాడెవడైనా అక్కడ సేవకుడే... వాడి వంశమూ ఊడిగానిదే! రాజయోగం పిచ్చిలో మాన్సూకి ఇది తట్టనే లేదు.

అదృశ్య భారమేదో వాడి భుజాల మీద పడింది. వెన్ను వంగింది... ఘంట జారింది... "వద్దు! నాన్నా, నువ్వైనా చెప్పు!"

సోబున్ నోట ముసలిగొంతు హాయిగా నిట్టూర్చింది.

"అమ్మయ్య! మావాడొచ్చాడు ప్రభూ... ఇక కావడి వాడికిచ్చెయ్యండి."

మట్టి నోరు తెరిచింది... మాన్సూను మింగి మూసుకుంది!

సోబున్ కాళ్లు మట్టిలోంచి ఊడొచ్చాయి. ఆమె వెచ్చగా ఊపిరి వదిలింది. పన్నే ఆమెను వీపున వేసుకుని, ఆఫీసువాళ్లను ఒక్కొక్కణ్ణీ పేరుపేరునా తిట్టుకుంటూ కొండ దిగింది.