సుత్తి పొడవు

మనిషి కొండమీంచి జారితే చేతిలో ఉన్నదీ జారుతుంది. లోయలో శవం దొరికింది, కళ్లజోడు దొరికింది, భోజనం డబ్బా దొరికింది. సుత్తి దొరకలేదు. మ్యాపు దొరకలేదు. అయినా ఫైలు మీద 'ప్రమాదం' అని ముద్ర గుద్దేశారు.

ఆర్నెల్ల తర్వాత చీఫ్ ఆ ఫైలునే బల్లమీద పడేశాడు. ఎదురుగా కూర్చున్న ఏజెంటు ఆ చచ్చినవాడి తమ్ముడు. డిపార్ట్‌మెంటులో అతన్ని చెకుముకి అంటారు.

"మీ అన్న సరిహద్దు కొండల్లో బ్యాటరీలకు పనికొచ్చే లోహం కనిపెట్టాడు. మెమరీ కార్డులో ఉన్న ఆ మ్యాపు ఒక్కటే కాపీ. ఈ వారం భూవిజ్ఞాన సదస్సులో చేతులు మారుతుంది. కొనేది విదేశీ ముఠా, పరికరాల కంపెనీ స్టాలు పెట్టుకుని వస్తోంది. అమ్మేవాడు మీ అన్న యూనివర్సిటీ వాడే. ఆరుగురు అధ్యాపకుల్లో ఎవడో తేలాలి."

"తేలితే?"

"ప్రాణాలతో కావాలి. నిన్ను పంపేది పని మీద, పగ మీద కాదు."

"రెండూ ఒకటే అయితే సార్?"

"అయినా రిపోర్టు ఒకటే రాయాలి." చీఫ్ గొంతు తగ్గించాడు. "ముఠాలో మన మనిషి ఉన్నారు. ఎవరో నీకు అనవసరం. 'ఈ రాయి నీళ్లలో తేలుతుందా' అని అడుగుతారు. 'ప్యూమిస్ అయితే తేలుతుంది' అను."

బయల్దేరేముందు వదిన గుమ్మంలో నిలబడింది. ఆర్నెల్లుగా ఆమె ఏడవలేదు. ఏడిస్తే కోపం చల్లారిపోతుందని భయం.

"మ్యాపు గవర్నమెంటుది. సుత్తి నాది మరిదీ. పిడి చివర చీలితే మూడు సెంటీమీటర్లు నేనే రంపంతో కోసి, జారకుండా సైకిల్ ట్యూబు చుట్టాను. అది తెచ్చిపెట్టు. దాన్ని పట్టుకున్న చెయ్యి కూడా తెచ్చినా కాదనను."

సదస్సులో చెకుముకి గడ్డం పెంచి, సోడాబుడ్డి కళ్లద్దాలు తగిలించి, ముసలి రీసెర్చ్ స్టూడెంటుగా దిగాడు. మెడలో వేలాడే భూతద్దంలో కెమెరా, బ్యాడ్జిలో మైకు. కాఫీ మెషిన్ దగ్గర కుర్రకారు పోస్టర్ గొట్టాలు చంకన పెట్టుకుని తోసుకుంటున్నారు.

"ఎనిమిదో ఏడా అన్నా?" అని ఒక పోస్టరమ్మాయి జాలిపడింది. "మా గైడూ అంతే. థీసిస్ దిద్దివ్వమంటే, 'రాళ్లు కోట్ల ఏళ్లు ఆగాయి, నువ్వు ఆగలేవా' అంటాడు."

కంపెనీ స్టాల్లో బట్టతల పెద్దమనిషి కరపత్రాలు పంచుతున్నాడు. పక్కన ముత్యాల కమ్మల దుబాసీ. ఆమె నవ్వితే లెక్చరర్లు కొనే స్థోమత లేని యంత్రాల ధరలు కూడా అడుగుతున్నారు. రెండు రోజులు చెకుముకి ఆరుగురి వెనకా నీడలా తిరిగాడు. ఆరుగురూ ఆవులిస్తూ ఉపన్యాసాలు విన్నారు, బిస్కెట్లు తిన్నారు. ఏమీ తేలలేదు.

మూడో రోజు మధ్యాహ్నం ప్రధానోపన్యాసం. ఆ ఆరుగురిలో పెద్ద ప్రొఫెసర్ వేదికెక్కాడు. అన్న సంతాప సభలో 'నా తమ్ముడి లాంటివాడు' అని జేబురుమాలు తడిపిన మనిషి. పదహారో స్లైడులో నల్లరాతి మధ్య తెల్లటి పట్టీ. ఊరూ పేరూ చెప్పకుండా, "ఒకానొక ప్రాంతం" అన్నాడు.

రాయిని ఫొటో తీస్తే పక్కన ఏదో ఒక వస్తువు పెట్టాలి. లేకపోతే అది కొండో గులకరాయో చూసేవాడికి తెలియదు. నలభై ఏళ్లుగా అలవాటైన చెయ్యి. హత్య చేసినా అలవాటు మానలేదు. అందిన వస్తువు పెట్టి ఫొటో తీసింది.

తెల్ల పట్టీ మీద సుత్తి. పిడికి సైకిల్ ట్యూబు.

చెకుముకి భూతద్దం కెమెరాను స్లైడు వైపు తిప్పాడు. కుర్చీ అంచు పట్టుకుని లోపలి నిప్పును మింగాడు.

ఉపన్యాసం ముగించి ప్రొఫెసర్ స్టాలు పెద్దమనిషిని వేదిక మీదికి పిలిచి, జానెడు పొడవున్న గుండ్రటి రాతి కడ్డీ ఒకటి జ్ఞాపికగా ఇచ్చాడు. బోరు వేస్తే భూమి లోంచి వచ్చే నమూనా. చప్పట్లు. పెద్దమనిషి దాన్ని పసిపిల్లలా గుండెలకు హత్తుకున్నాడు. మ్యాపు ఎక్కడుందో చెకుముకికి అర్థమైపోయింది.

"ప్రశ్నలేమైనా?"

చెకుముకి లేచాడు. "పదహారో స్లైడు సార్. ఆ పట్టీ వెడల్పెంత?"

"ఐదు సుత్తులు. సుత్తి ముప్ఫై మూడు సెంటీమీటర్లు. నూట అరవై అయిదు."

"తప్పు సార్. ఆ సుత్తి ముప్ఫయ్యే. పిడి చీలితే దాని యజమాని భార్య కోసేసింది."

హాలు గుసగుసలాడింది. గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్నట్టు ప్రొఫెసర్ చెయ్యి పక్కనున్న సంచి మీదికి పోయింది.

"ఎక్కడిదో పాత సుత్తి. పోయింది."

"పోలేదు సార్!" ముందు వరసలోంచి పోస్టరమ్మాయి సాయానికి పరిగెత్తింది. "మీ సంచిలోనే ఉంది. మొన్న ఫీల్డుకి మాకిచ్చిందీ అదేగా!" సంచి విప్పి సుత్తి ఎత్తి అందరికీ చూపించింది. పాపం, గైడు మెచ్చుకుంటాడనుకుంది.

పెద్దమనిషి అప్పటికే తలుపు దాటాడు. చెకుముకి అమ్మాయి చేతిలో సుత్తి లాక్కుని వెంటపడ్డాడు. అతని వెనకే ప్రొఫెసర్, రొప్పుతూ, "బాబూ, నేను చెప్పేది విను!"

కారు దగ్గర ముత్యాల కమ్మలు నిలబడి ఉంది. ఆమె చేతిలో లిప్‌స్టిక్కంత పిస్తోలు, చెకుముకి గుండెకు సూటిగా.

"కాల్చెయ్!" అన్నాడు పెద్దమనిషి.

"ఒక్క డౌటు అడిగి కాలుస్తా. ఈ రాయి నీళ్లలో తేలుతుందా?"

"ప్యూమిస్ అయితే తేలుతుంది."

పిస్తోలు పక్కకి తిరిగి పెద్దమనిషి కణతకు ఆనింది. అతను పళ్లు కొరికి, రాతి కడ్డీని నేలకు విసిరి, కారు తాళంచెవి మీది బటన్ నొక్కాడు. రాతి మీది సన్నటి అతుకులోంచి ఎర్ర లైటు మిణుకుమంది.

"ఈ బోలు కడ్డీ మేం చేయించి ఇచ్చిందే. పది సెకన్లలో లోపల కార్డు కాలిపోతుంది. మాకు దక్కనిది మీకూ దక్కదు."

తొమ్మిది. ఎనిమిది. చెకుముకి సుత్తి ఎత్తాడు. కాళ్ల దగ్గర ప్రొఫెసర్ మోకాళ్ల మీద కూలబడి, తల మీద రెండు చేతులూ కప్పుకున్నాడు. ఏడు. ఆరు. నెత్తి సుత్తికి సరిగ్గా జానెడు దూరం. అన్న పడిన లోయ అడుగు కనిపించింది చెకుముకికి. ఐదు. ఏడవని వదిన కళ్లు కనిపించాయి. నాలుగు.

"వాడే ముందు తోశాడు!" ప్రొఫెసర్ కేక పెట్టాడు. "మ్యాపు నాకివ్వనన్నాడు, నన్నే తోశాడు, నేను ఊరికే..."

మూడు. బ్యాడ్జి మైకు ఆ మాటలన్నీ మింగింది. రెండు.

సుత్తి దిగింది. రాతి అతుకు మీద, అడ్డంగా, ఒకే దెబ్బ. కడ్డీ రెండు ముక్కలైంది. చిటికెన గోరంత కార్డు పొగ కక్కుతున్న వైరు నుంచి ఊడి చెకుముకి అరచేతిలో పడింది. కాలింది చెయ్యి, కార్డు కాదు.

"చంపేస్తావనుకున్నా," అంది ముత్యాల కమ్మలు.

"నేనూ అదే అనుకున్నా. కానీ ఒక్క దెబ్బతో పోతే వీడికి చౌక. ఉరి పడేదాకా రోజులు లెక్కపెట్టుకోనీ."

ఆ సాయంత్రం వదిన ఫోనుకి ఒక ఫొటో వచ్చింది. సంకెళ్లతో నేలమీద చతికిలబడ్డ ప్రొఫెసర్, పక్కన నిటారుగా నిలబెట్టిన సుత్తి. ఆమె చాలాసేపు చూసింది. ఆర్నెల్లుగా ఆగినవి అప్పుడు కదిలాయి. కొంగుతో కళ్లు తుడుచుకుని ఫొటో కింది వరస చదివింది:

'మనిషి ఎంత చిన్నవాడో తెలియడానికి స్కేలు పెట్టాను వదినా. ముప్ఫై సెంటీమీటర్లు, కరెక్టుగా.'