మహాలక్ష్మి కుప్పలో తాలు

"నాతో మాట్లాడతా ఆ కరెంటు స్తంభం వంక చూస్తావేంది? అదేమన్నా నీకు మేనబావా?"

మహాలక్ష్మితో హరికృష్ణ అన్న మొట్టమొదటి మాట ఇది. అంతకు ముందు నిమిషమే అతగాడు బొలెరో బండిని వెనక్కి తెస్తూ, బసవపున్నయ్య కళ్ళంలో ఆరబోసిన మిరపకాయల అంచు మీదికి చక్రం ఎక్కించాడు. "కళ్ళు నెత్తికెక్కినయ్యా ఏంది?" అని ఆమె కేకేసింది. కేక అతని మీదే వేసింది గానీ, చూపు మాత్రం స్తంభం మీద ఉంది.

"మేనబావ కాదులే. నువ్వు కనపడాలంటే నేను అటే చూడాల."

"అదేం చోద్యం?"

"నా కంట్లో నడిమధ్య మచ్చ. సూటిగా చూశాననుకో, మనిషి మాయమైపోతాడు. పక్కకి చూస్తే ఓ మూలన దొరుకుతాడు."

"మరి ఇప్పుడు దొరికానా?"

"చొక్కా దొరికింది. మొహంతో నాకేం పనిలే."

కాయలేరే ఆడవాళ్ళు మూతికి కట్టుకున్న తువ్వాళ్ళు లాగేసి మరీ నవ్వారు. హరికృష్ణ బండి దిగి, చక్రం కింద నలిగిన కాయలన్నీ తనే ఏరి పక్కన పెట్టాడు. ఆ రోజు మిరప టిక్కీలు, అదే గోనె బస్తాలు, గుంటూరు మిర్చి యార్డుకి బయల్దేరేసరికి చానా ఆలస్యమైంది. మర్నాడు లోడు లేకపోయినా వచ్చాడు.

మహాలక్ష్మి సత్తెనపల్లిలో డిగ్రీ రెండో ఏడు చదువుతుండగా పుస్తకంలో అక్షరాల మధ్య బొక్కలు పడటం మొదలైంది. అద్దాలు మార్చారు, డాక్టర్లని మార్చారు. చివరికి ఒక పెద్ద డాక్టరు, "ఇది అద్దాలతో పోయేది కాదమ్మా. నడిమధ్య చూపు పోతుంది, అంచులు మిగులుతాయి. రంగులు కూడా వెలిసిపోతాయి" అని తేల్చేశాడు. ఆమె ఓ నెల మంచం దిగలేదు. తర్వాత దిగింది. ఊళ్ళోవాళ్ళు జాలిపడటం మొదలుపెట్టాక మంచం మీద ఉండటం కన్నా కళ్ళంలో ఉండటమే నయమనిపించింది.

కళ్ళంలో పని తాలు తీయడం. ఎండిన కాయల్లోంచి ఎరుపు తగ్గి తెల్లబారినవి, మచ్చ పడినవి ఏరి అవతల పారేయాలి. వాటిని తాలు కాయలంటారు. మంచి కాయల్లో తాలు కలిసిందంటే యార్డులో ధర పడిపోతుంది. కళ్ళున్నవాళ్ళకే తికమకగా ఉండే పని. మహాలక్ష్మి కాయని కంటి చివరకి తెచ్చుకుని చూసేది, వేళ్ళతో నొక్కేది, బరువు చూసేది. సాయంత్రం మేస్త్రి చెన్నమ్మని భయంభయంగా అడిగేది.

"అత్తా, నా కుప్ప ఎట్టుంది?"

"నీ కుప్పేనే అందరికన్నా శుభ్రం!"

ఆ మాటకి ఆమె ఇంటికి నడిచేది కాదు, ఎగురుతూ వెళ్ళేది. కళ్ళు తగ్గితే వేళ్ళకి చూపొస్తుందని ఎవరో అనగా విన్నది. నిజమే అన్నమాట!

హరికృష్ణ దాదాపు రోజూ వచ్చి ఆమె వెనకాల, కుప్ప పక్కనే చతికిలబడేవాడు. ఓ పక్క కబుర్లు, ఓ పక్క చేతులతో కాయలు కెలకడం.

"నా కుప్ప కెలకబాక. చేతులు ఊరికే ఉండవా నీకు?"

"ఊరికే ఉంచితే నీ జడ లాగుతయ్. అందుకని."

"లాగి చూడు, మిరపకాయ నీ కంట్లో పెడతా. అప్పుడిద్దరం ఒకే బాపతు."

తన కళ్ళ మీద తనే ఇంత హాయిగా వేళాకోళం ఆడగలదని ఆమెకి అంతవరకూ తెలియదు. అతను దొంగచాటు జాలి మాటలు మాట్లాడడు. చెయ్యి పట్టి నడిపించడు. అతనితో ఉన్నంతసేపూ తను కళ్ళు పోతున్న పిల్ల కాదు, ఉత్త పిల్ల. ఆమెకి అతను నచ్చింది అందుకే.

మాఘమాసంలో ఒక మధ్యాహ్నం కాలం కాని కాలంలో వాన విరుచుకుపడింది. టార్పాలిన్ పట్టాలు తెండర్రా అని బసవపున్నయ్య గగ్గోలు పెట్టాడు. అందరూ తలోవైపు పరుగెత్తారు. మహాలక్ష్మీ హరికృష్ణా ఒకే పట్టాకి చెరో కొసా పట్టుకుని లాగుతూ, కాయలతో పాటు తాము కూడా దాని కిందకే వచ్చిపడ్డారు. పైన టపటపమని చినుకులు, కింద గొంతు పట్టేసే ఘాటు. ఇద్దరికీ ఒకటే తుమ్ములు.

"మహా, ఒక మాట... హాచ్!"

"తుమ్ముతా చెప్పేది మంచి మాటేనా?"

"నన్ను చేసుకుంటావా?"

ఆమె తల పక్కకి తిప్పింది. అలిగిందనుకుని అతను బిక్కచచ్చిపోయాడు.

"అలగలా. నీ మొహం చూస్తన్నా. ఉండు, కదలబాక." కాసేపు చూసి అంది, "చెవులు పెద్దయ్యి. ఫరవాలేదు, చేసుకుంటా."

ఆ వారంలోనే విజయవాడ నుంచి ఫోనొచ్చింది. చూపు తగ్గినవాళ్ళకి ఫోనూ కంప్యూటరూ మాటలతో నడపడం, ఒంటరిగా రోడ్డు మీద తిరగడం నేర్పే ట్రైనింగు. ఆరు నెలలు, హాస్టలు అక్కడే. కిందటేడు పెట్టుకున్న దరఖాస్తుకి ఇప్పుడు సీటొచ్చింది.

"పోవాలా?" అని హరికృష్ణని అడిగింది. "నిజంగా చెప్పు. నా పని నేను చేసుకోగలుగుతన్నా గదా? చెన్నమ్మత్త కూడా నా కుప్పే బాగుందంటంది."

అతను, "బాగానే చేస్తన్నావు. ఇప్పుడెందుకులే అంత దూరం" అన్నాడు.

ఆమె ఫోను చేసి సీటు వద్దని చెప్పేసింది. ఆరు నెలలు అతన్ని వదిలి ఉండాల్సిన పని లేనందుకు సంతోషం కూడా వేసింది.

ఉగాది వెళ్ళాక హరికృష్ణని వెంటబెట్టుకుని అతని తల్లిదండ్రులు పెళ్ళి మాటలు మాట్లాడుకోవడానికి వచ్చారు. మహాలక్ష్మికి తండ్రి లేడు. తల్లి లక్ష్మీతిరుపతమ్మ తెల్లవారుజాము నుంచీ వాకిలి కడుగుతూనే ఉంది. కళ్ళు సరిగా లేని పిల్లని ఎవరు చేసుకుంటారని ఇన్నాళ్ళు కుమిలిన మనిషి, ఇవాళ కాళ్ళు నేల మీద ఆనకుండా తిరుగుతోంది. చెన్నమ్మ, బసవపున్నయ్య పెద్దమనుషులుగా కూర్చున్నారు. కాఫీలు మహాలక్ష్మే తెచ్చింది. చుక్క ఒలకలేదు.

హరికృష్ణ తండ్రి బాబూరావు మంచివాడు. నోరారా మాట్లాడతాడు. కాఫీ తాగి గ్లాసు కింద పెట్టాడు.

"అమ్మా, మావోడి సంగతి నీకెవరూ చెప్పుండరు. నువ్వు కళ్ళంలో కాయలేరతావా, నువ్వు చూడకుండా నీ కుప్పలో తాలంతా మళ్ళీ ఈడు ఏరతాడు. పంట కాలమంతా ఇదే పని! గుంటూరు కిరాయిలు కూడా వదులుకున్నాడు. అంత ప్రేమమ్మా ఈడికి. నీ కుప్ప సర్దినట్టే నీ బతుకూ సర్దుతాడు, నువ్వు నిశ్చింతగా ఉండు."

అందరూ ప్రేమగా నవ్వారు. చెన్నమ్మ కళ్ళొత్తుకుంది. "మేమంతా చూసి మురిసిపోయేవాళ్ళమన్నయ్యా" అంది.

మేమంతా. ఆ మాట మహాలక్ష్మికి చెంపదెబ్బలా తగిలింది. కళ్ళంలో అందరికీ తెలుసు, ఒక్క తనకి తప్ప. తను వేళ్ళకి చూపొచ్చిందని మురిసిపోతుంటే, వెనకాల అందరూ కళ్ళతో సైగలు చేసుకున్నారన్నమాట. ఆమె లోపలికెళ్ళి, ఇంటి కారానికని తెచ్చిపెట్టిన మిరపకాయలు చేటలో పోసుకొచ్చింది. అందరి ముందూ కింద కూర్చుని ఏరడం మొదలుపెట్టింది. తాలనుకున్నవి కింద పడేసి, మంచివనుకున్నవి చేటలో మిగిల్చి తల ఎత్తింది.

"హరీ, ఇట్టా రా. ఇందులో తాలు ఉందా?"

అతను వచ్చి వంగి చూశాడు.

"ఈ ఒక్కసారి నిజం చెప్పు. నీ కాళ్ళు పట్టుకుంటా."

అతను ఆమె మొహం చూశాడు. చూశాక చెప్పలేకపోయాడు.

"అన్నీ మంచియ్యే మహా."

"అమ్మా, నువ్వు చూడు."

లక్ష్మీతిరుపతమ్మ చేటలోకి చూసి, కొంగు నోట్లో కుక్కుకుంది. "సగం తాలేనే తల్లీ" అంది ఎట్టకేలకి.

మహాలక్ష్మి లేచి చేతులు దులుపుకుంది. "మావయ్యా, మీరు పెద్దమనసుతో వచ్చారు. తప్పుగా అనుకోబాకండి. ఈ పెళ్ళి నేను చేసుకోను."

హరికృష్ణ ఆమె వెంట పెరట్లోకి పరుగెత్తాడు.

"నువ్వు బాధపడతావని చెప్పలేదు మహా! నీకు కళ్ళు లేకపోతే ఏంది? నీ కళ్ళు నేనే అవుతా."

"నీ కళ్ళు నాకెందుకు? నా పని నాకు చేతగావట్లేదని ముందే చెప్పుంటే, ఈపాటికి ఇంకో పని నేర్చుకునేదాన్ని. నువ్వు బాగుందంటేనే గదా సీటు వదులుకున్నా? నా చూపు పోతందని డాక్టరు చెప్పిన రోజు కూడా నేనింత గుడ్డిదాన్ని గాలేదు."

"పెళ్ళయ్యాక అన్నీ నిజమే చెప్తా. ఒట్టు."

"ఇప్పుడే అడిగా గదా! కాళ్ళు పట్టుకుంటానన్నా గదా! చెప్పావా?"

అతను ఏడ్చాడు. అతనంటే ఆమెకి ఇంకా ఇష్టమే, అదే పెద్ద చిక్కు. ఇంకాసేపు నిలబడితే మెత్తబడిపోతానని తెలిసి, పెరటి తలుపు వేసేసుకుంది. ఆ తర్వాత లక్ష్మీతిరుపతమ్మ కూతురితో చానా రోజులు మాట్లాడలేదు. చెన్నమ్మ కూడా, మహాలక్ష్మి ఎదురుపడితే దారి మార్చి పోయేది.

మహాలక్ష్మి విజయవాడకి మళ్ళీ ఫోను చేసింది. మళ్ళీ మళ్ళీ చేసింది. తొలకరి నాటికి కొత్త బ్యాచీలో చోటు దొరికింది.

సత్తెనపల్లి బస్టాండులో సంచి పట్టుకుని, కండక్టర్ల కేకలు వింటూ నిలబడింది. తుంపర పడుతోంది. ఎవరో వచ్చి రెండడుగుల దూరంలో ఆగారు. ఆమె తల పక్కకి తిప్పకముందే గుండె గుర్తుపట్టింది.

"హరీ?"

"నేనే. పోతన్నావని తెలిసి వచ్చా." అతను సంచి అందుకోబోయి ఆగాడు. "మహా, ఆ రోజు తాలు చానా ఉంది. చెప్పలేకపోయా. నీ సీటు పోవడం నా వల్లే. నువ్వు దూరం పోతావని భయపడి బాగుందన్నా. నీ కోసం కాదు, నా కోసం."

ఈ మాట వినాలనే ఇన్నాళ్ళు కాచుకుని ఉంది. అతని మీద కోపమంతా ఒక్కసారిగా కరిగిపోయింది. ఆరు నెలలు ఆగుతావా అని అడుగుదామని నోరు తెరిచింది.

"ఇంకొకటి కూడా నిజం చెప్పాల" అన్నాడు అతను. "మావాళ్ళు నాదెండ్లలో సంబంధం ఖాయం చేశారు. శ్రావణంలో పెళ్ళి. బలవంతం ఏం లేదు. నేనే ఒప్పుకున్నా. మీ తలుపు మళ్ళీ తట్టే ధైర్యం లేకపోయింది."

ఈ ఒక్కటి అబద్ధం చెప్పి ఉంటే ఎంత బాగుండేది అనిపించింది మహాలక్ష్మికి. అనిపించినందుకు తన మీద తనకే ఒళ్ళు మండింది.

"మంచిది" అంది. "ఆ అమ్మాయికి మొదట్నించీ నిజమే చెప్పు."

విజయవాడ, విజయవాడ అని కండక్టరు అరిచాడు. ఆమె అరుపు వైపు నడిచి, కడ్డీ వెతికి పట్టుకుని బస్సెక్కింది. అతను సాయానికి రాలేదు. వచ్చి ఉంటే తోసేసేది, రానందుకు ఏడుపొచ్చింది.

బస్సు ఊరు దాటాక ఇక ఆపుకోలేక బాహాటంగానే ఏడ్చింది. పక్క సీట్లో పెద్దావిడ మోచేత్తో పొడిచింది.

"ఏందమ్మాయ్, ఏమయింది? ఇందాకట్నించీ చూస్తన్నా, చూపు అదోలా ఉంది. పాపం, కళ్ళు కనపడవా?"

"కనపడవు పిన్నీ. కానీ ఏడుపు అందుక్కాదు. నేను ప్రేమించినోడు ఇంకో పిల్లని చేసుకుంటన్నాడు."

"ఓసినీ! అదా సంగతి?" పెద్దావిడ సీట్లో సర్దుకుని ఇటు తిరిగి కూర్చుంది. జాలి మొత్తం ఎగిరిపోయి గొంతులోకి ఉషారొచ్చింది. "ఎవడాడు? ఏ ఊరు? వాడి మొహం మండ, మొదట్నించీ చెప్పు."

మహాలక్ష్మి ముక్కు చీదుకుని, మొదట్నించీ చెప్పడం మొదలుపెట్టింది.