తొమ్మిది సెకన్ల చీకటి

ఆ గదిలో మిట్టమధ్యాహ్నం కూడా చీకటే. కిటికీల్లేవు. గోడలన్నిటికీ బూడిదరంగు, ఒక గోడకి మాత్రం పైనుంచి కిందిదాకా నల్ల పరదా. వీడియోలకి రంగులు దిద్దే గది మరి. బయటి వెలుగు గీతంత లోపలికొచ్చినా కన్ను మోసపోతుందంటారు మాస్టారు. ఆమె అక్కడ పని నేర్చుకోవడానికి చేరి నెలైంది. అంతకుముందు ఏడేళ్ళు అత్తగారికీ, మొగుడికీ, ఒక ఏడుపుగొట్టు పిల్లకీ చాకిరీ చెయ్యడం నేర్చుకుంది. దానికి సర్టిఫికెట్ ఎవరూ ఇవ్వలేదు.

పిల్లకి ఐదేళ్ళు. ఇంట్లో అందరూ సైరన్ అంటారు. లేపితే ఏడుపు, పడుకోబెడితే ఏడుపు, చెప్పులు తొడిగితే ఏడుపు. అలాంటిది పుట్టినరోజు మర్నాటి నుంచి కిక్కురుమనలేదు. పది రోజులు! పెట్టింది తింటుంది, కూర్చోబెట్టిన చోట కూర్చుంటుంది. "ఇన్నాళ్ళకి పిల్లని పెంచడం వచ్చింది నీకు," అంది అత్తగారు. పెళ్ళయ్యాక ఆవిడ నోట్లోంచి రాలిన మొదటి మెచ్చుకోలు. ఆమె దాన్ని కొంగున ముడేసుకుంది. ఒక్కటే చికాకు. ఎన్నిసార్లు తలంటినా పిల్ల జుట్టు ఆరిపోయిన వత్తి వాసనేస్తోంది.

"ఇంటి నుంచి ఏదన్నా వీడియో తెచ్చుకోమన్నానే, తెచ్చావా?" అన్నారు మాస్టారు.

ఆ పుట్టినరోజు వీడియోనే పెట్టింది. తీసింది ఆడపడుచు. ఈ స్టూడియో ముందు గదిలో ఫోన్లెత్తే ఉద్యోగం ఆ పిల్లది. వదినని ఇక్కడ చేర్పించిందీ ఆ పిల్లే.

మాస్టారు తెర మూలనున్న గుండ్రటి స్కోప్ చూపించారు. బొమ్మలో ఎంచుకున్న చోటి రంగుని చుక్కగా చూపించే మీటరది. దాని నడుమ నుంచి ఏటవాలుగా ఒక గీత. "మనిషి చర్మం ఏ రంగుదైనా చుక్క ఈ గీత మీదే పడుతుంది. తెలుపూ నలుపూ పైపై వేషాలు. కింద పారే నెత్తురొకటేగా."

'నల్లపిల్లని అంటగట్టారు' అని ఏడేళ్ళుగా వింటున్న ఆమెకి ప్రాణం లేచొచ్చింది. "మా అత్తగారిని తీసుకొచ్చి ఈ గీత చూపించాలి మాస్టారూ."

"చూపించు. గీతే వంకరంటుంది."

ఆమె నవ్వుకుంటూ ఒక్కో మొహాన్నీ విడిగా ఎంచుకుని చూసింది. మొగుడు గీత మీదే. అత్తగారు కూడా గీత మీదే, ఆశ్చర్యంగా. సైరన్, గీత మీదే. తర్వాత వీడియోలో మొగుడు లైట్లు తీసేశాడు, పిల్ల కొవ్వొత్తులు ఊదింది, తొమ్మిది సెకన్లు చీకటి. లైట్లు వెలిగాక సైరన్ మొహాన్ని మళ్ళీ ఎంచుకుంది.

చుక్క గీత వదిలి జారిపోయింది. జారి, రంగే లేని చోట, నట్టనడుమ ఆగింది.

"ఏదో తప్పు నొక్కుంటావ్, లే." మాస్టారే కూర్చుని మళ్ళీ చేశారు. అదే. ఆయన మొహంలో నవ్వు పోయింది. "గోడకిలా వస్తుంది," అన్నారు మెల్లగా. "బూడిదకొస్తుంది."

తెర మీద మాత్రం ఎర్రటి బుగ్గలు. ముచ్చటైన నవ్వు.

ఆయన కళ్ళజోడు తుడుచుకుంటూ లేచారు. "భోంచేసొస్తా. ఆ చీకటి జోలికి మాత్రం పోకు. కొత్తవాళ్ళందరికీ అదే దురద, నీడల్ని పైకి లాగి లోపలేముందో చూడాలని. లాగితే తెర నిండా ఇసక చల్లినట్టు చుక్కలు తప్ప ఏమీ రాదు."

తలుపు మూసుకుంది. ఆమె వేలు అప్పటికే చీకటి భాగాల్ని వెలిగించే నీడల చక్రం మీదుంది.

తిప్పింది. ఇసక. నల్లటి ఇసక, బతికున్నట్టు కదులుతూ. ఇంకొంచెం... బల్ల అంచు. కేకు. ఇంకొంచెం...

బల్ల వెనక ఇద్దరు పిల్లలున్నారు.

ఒకే గౌను. ఒకే జడలు. ఒక పిల్ల కదలకుండా నిలబడి నవ్వుతోంది. రెండో పిల్ల చేతుల నిండా కేకు. నోరు తెరుచుకుని, ఆ చేతుల్ని తల్లి వైపు చాపి... వెనక్కి పోతోంది. ఎవరో లాగుతున్నారు. లాగేవాళ్ళు ఇసకలో కనపడటం లేదు.

ఆమె వీడియోని వెనక్కి జరిపి సౌండ్ పెంచింది. చీకటికి ముందు, కేకు కత్తి కోసం ఏడుస్తున్న పిల్ల మీద, తన గొంతే: "నోరు మూసుకో! ఎవరడిగితే వాళ్ళకిచ్చేస్తా నిన్ను!" అందరి నవ్వులు. చీకటి. ఆ చీకట్లో, మైకుకి ఆనుకున్నంత దగ్గరగా, గుసగుస.

"ఇస్తావా?"

మళ్ళీ తన గొంతు. నవ్వుతూ. "తీసుకుపో తల్లీ, పీడ వదుల్తుంది."

ఆ రోజు అది ఆడపడుచు వేళాకోళమనుకుంది...

తలుపు తెరుచుకుంది. ఆమె ఉలిక్కిపడి వీడియో ఆపింది, స్పీకర్లు కట్టేసింది.

"వదినా, ఇదిగో నీ బంగారుతల్లి. బడి తొందరగా వదిలేశారట, అన్నయ్య దింపి పోయాడు." ఆడపడుచు పిల్లని ఆమె ఒళ్ళో కూలేసింది.

"అమ్మాయ్... ఆ రోజు చీకట్లో నా చెవిలో 'ఇస్తావా' అంది నువ్వే కదూ? నువ్వేనని చెప్పు."

"నేనా? నేను బల్లకి ఇవతల కెమెరా పట్టుకునున్నాగా. నీ పక్కన ఎవరూ లేరు వదినా." ముందు గదిలో ఫోన్ మోగింది. తలుపు లాగేసి పరిగెత్తింది.

ఒళ్ళో బరువుంది. వేడి లేదు. వత్తి వాసన...

అప్పుడు పరదా వెనక నుంచి... సన్నగా... మొదలైంది. ఆమె పది రోజులుగా లేదని సంబరపడిన ఏడుపు.

"అమ్మా..."

స్పీకర్ల దీపం ఆరే ఉంది.

ఒళ్ళోని పిల్ల చెయ్యి చాపి నీడల చక్రాన్ని కిందికి తిప్పింది. తెర నల్లబడినకొద్దీ ఏడుపు దూరమైంది.

"నా పిల్లని ఇచ్చెయ్," అంది ఆమె.

పిల్ల తలెత్తింది. ముద్దుగా నవ్వింది.

"నువ్వే ఇచ్చావుగా అమ్మా. ఇంక దాన్ని నోరు మూసుకోమను."

ఆమె దాన్ని తోసేసి పరదా పీకింది. గోడ. ఉత్త బూడిదరంగు గోడ. మోకాలెత్తున కేకు క్రీము మరకలు, ఇంకా తడిగా. చిన్న వేళ్ళవి. మూడు.

ఆమె చూస్తుండగానే నాలుగోది పడింది.